ఆరెంజి సోడాలో గ్యాసు విషయమై

సెంబవాంగ్,
సెప్టెంబరు, 2000.

కంటి ఆసుపత్రిలో రోగుల మొరలు వినే అధికారి శ్రీ జనార్ధనరావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కంటి ప్రెషరుకు ఇచ్చిన నీళ్ళ బిళ్ళను ఆపవలెనని నేను లోగడ పెట్టుకున్న మొరను కొట్టివేసి, అదే బిళ్ళను మా అబ్బాయి సంవత్సరీకం వరకు తిరిగి ఇప్పించి, నా ఆపరేషనును అటు తర్వాతకు జరపవలెనని ప్రార్థన.

సెంబవాంగ్ నివాసి, కీర్తిశేషులు సింహాచలం గారి కోడలు, అప్పన్న గారి భార్య ఈరమ్మ అను నేను తమరికి చేసుకొను మనవి ఏమనగా, మొన్న తమ గది ముందు బెంచీ మీద ఏడుస్తూ కూర్చున్న ముసలిది నేనే. తమరు బయటికి వచ్చి, "అమ్మగారూ, మీ ఇంగ్లీషు నాకు అర్థం కావట్లేదు, మలాయి నాకసలే రాదు. తెలుగు రాయడం వస్తే తెలుగులోనే రాసివ్వండి. నేను ఇంగ్లీషులో పెట్టి డాక్టరమ్మకు చూపిస్తాను" అని అన్నారు. వస్తుందండి. నాలుగో క్లాసు మధ్యలో మానేసినదాన్ని గానీ, అక్షరాలు మరిచిపోలేదు.

అర్జీ ఎలా ఉండాలో కూడా తెలుసును. మా నాన్న పేరు పెద్దయ్య, నేవల్ బేసులో కూలీ మేస్త్రీ. ఓడలకు రంగులు వేసేవాళ్ళ తరఫున తెల్లదొరలకు అర్జీలు రాయించేవాడు. "పైన అయ్యా ఉండాల, కింద చిత్తగించవలెను ఉండాల. మద్దిలో అంకెలెయ్యి. అంకెలు సూస్తే దొరకి బయం" అనేవాడు. తమరిని భయపెట్టడానికి కాదు గానీ, అంకెలు వేసి రాస్తున్నాను.

1. దొడ్డి విషయము.

సదరు బిళ్ళ పేరు డబ్బా మీద అసెటాజోలమైడ్ అని ఉన్నది. మా అమ్మాయి త్రివేణి అక్షరం అక్షరం పలుకుతుంటే రాశాను. మా ఇంట్లో దాని పేరు నీళ్ళ బిళ్ళ. నా ఎడమ కన్ను ఎప్పుడో సంధ్యవేళ మసకలా అయిపోయినది. కుడి కంట్లో కూడా ప్రెషరు పెరిగినదని, దీనిని గ్లాకోమా అంటారని, మన పెద్దలు నీటికాసులు అనేవారని తమ ఆసుపత్రిలోనే చెప్పారు. ఏడ్చి ఏడ్చి తెచ్చుకున్నావని మా వాళ్ళందరూ అన్నారు. ఏడుపుకూ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పినది. అప్పటినుంచి నిశ్చింతగా ఏడుస్తున్నాను.

కంట్లో నీటి పోటు తగ్గడానికి ఈ బిళ్ళ ఇచ్చారు. కంట్లో ఎంత తగ్గినదో డాక్టరమ్మకే తెలియాలి గానీ, తక్కిన ఒంట్లో నీళ్ళన్నీ ఒక్కసారిగా బయటికి దారి పట్టినవి. వుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి సెంబవాంగ్ నుంచి ట్రైనులో పట్టుమని పది నిమిషాలు పట్టదు. ఆ దారిలో నేను మధ్యలో అడ్మిరల్టీ స్టేషనులో దిగి, పరుగెత్తి, మళ్ళీ ఎక్కవలసి వచ్చినది. అక్కడి స్టేషను ఉద్యోగి నన్ను దూరం నుంచి చూడగానే గేటు తీసి పక్కకు జరిగేవాడు. మాట్లాడుకోవడం ఎప్పుడూ లేదు. అంతటి స్నేహం.

మా బ్లాకు లిఫ్టులో ఎవరైనా ఆ పని చేస్తే వాసన పట్టి తలుపులు బిగించేసే యంత్రం ఉన్నది. నేను పరువుగల దాన్ని. ఆ యంత్రం వైపు చూస్తూ, పళ్ళు బిగబట్టి, మా అంతస్తు వచ్చేదాకా నరసింహస్వామిని తలుచుకునే గతి శత్రువుకు కూడా వద్దు.

ఇదే అంకె కింద ఇంకొకటి. తమ ఆసుపత్రిలో మందుల కౌంటరు పక్కనున్న ఆడవారి దొడ్డికి గడియ పడటం లేదు. అందువలన మా ఆయన నా చేతిసంచీ మెడలో వేసుకుని తలుపు బయట కాపలా నిలబడుతున్నారు. ఒక చీనా ఆవిడ ఆయన్ను చూసి గార్డును పిలిచినది. షిప్‌యార్డులో వెల్డింగు చేసి, గడియారం బహుమతి పుచ్చుకుని గౌరవంగా రిటైరయిన మనిషి అండి.

2. చీమలు, అరటిపళ్ళ విషయము.

బిళ్ళ మింగినప్పటి నుంచి చేతివేళ్ళలో, కాలివేళ్ళలో చీమలు పాకినట్టుండేది. పిండి కలిపితే నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో వేళ్ళు చెప్పేవి కావు. ఒంట్లో పొటాషియం అనేది తగ్గిపోతుందనీ అరటిపళ్ళు తినమనీ డాక్టరమ్మ చెప్పినది. మా ఆయన మాట మీద నిలబడే మనిషి. మార్కెటు నుంచి గెలలకు గెలలే మోసుకొచ్చి గుమ్మం ముందు వరండాలో వేలాడదీశారు. పక్కింటి మలాయి ఆవిడ చూసి, "మీ ఇంట్లో పెళ్ళా?" అని సంతోషంగా అడిగినది.

లేదన్నాను. పెళ్ళి కావలసినవాడు లేడు.

3. మా అబ్బాయి విషయము.

ఇది అర్జీలో ఉండవచ్చునో లేదో తెలియదు. ఇది లేకపోతే నాలుగో అంకె తమరికి అర్థం కాదు గనుక రాస్తున్నాను.

మా అబ్బాయి జయరాం కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. రెండువేల సంవత్సరం రాగానే తారీకులు తికమకపడి యంత్రాలు ఆగిపోతాయని అందరూ భయపడిన రోజుల్లో, అవి ఆగకుండా చూసే పని వాడిది. ఆంధ్రా నుంచి కొత్తగా దిగిన కంప్యూటరు పిల్లలను వెంటేసుకొచ్చి మా హాల్లో కూర్చోబెట్టేవాడు. వాళ్ళు నా మాట విని, "ఆంటీ, ఇలాంటి తెలుగు మా తాతమ్మ మాట్లాడేది" అని నవ్వేవారు. నేను వాళ్ళకు చేపల పులుసు పోసేదాన్ని. నవ్వు ఆగిపోయేది.

పోయిన కార్తీకంలో జురాంగ్ నుంచి మోటారుసైకిలు మీద వస్తూ, వానలో, దారిలోనే పోయాడు. జనవరి ఒకటో తారీకున ఏ యంత్రమూ ఆగలేదు. వాడికి చెప్పడానికి వాడు లేడు.

వాడు ఇంటికి రాగానే తాగేది ఆరెంజి సోడా. టిన్ను తెచ్చి నా చెవి పక్కన టిస్సుమని తెరిచేవాడు. నేను ఉలిక్కిపడాలి, వాడు నవ్వాలి. ఆ తర్వాత తండ్రీ కొడుకులు చెరొక టిన్ను ఎత్తి, ఎవరు గట్టిగా త్రేనుస్తారో పందెం వేసుకునేవారు. నేను తీర్పరిని. "ముప్పై ఏళ్ళొచ్చాయి, సిగ్గులేదురా?" అంటే, "సిగ్గు తర్వాత లా, అమ్మా. ముందు వినర్ ఎవరో చెప్పు!" అనేవాడు. ఇక్కడ పుట్టినవాళ్ళకు మాట చివర 'లా' తగిలించనిదే తోచదు. నేను ఎప్పుడూ వాడే గెలిచాడనేదాన్ని. మా ఆయన అప్పీలు చేసుకునేవారు.

వాడు పోయాక మా ఆయన సోడా ముట్టలేదు. వాడి పేరు ఎత్తలేదు. ఫోటో ఉన్న గోడకు కుర్చీ వీపు తిప్పి, పొద్దంతా టీవీ చూస్తారు. ఏం చూస్తున్నారని అడిగితే వారికీ తెలియదు. ఒకరోజు చీనా వంటల కార్యక్రమం మొదటి నుంచి చివరి దాకా చూశారు.

4. సోడా విషయము.

తమకు తెలియనిది కాదు, మా ఇళ్ళలో నెలనెలా తిథి నాడు మాసికం పెడతాము. పోయినవారికి ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెట్టి, కాసేపు అందరూ పక్కగదిలోకి వెళ్ళి, వాళ్ళను తిననిచ్చి, తర్వాత తలా కొంచెం నోట్లో వేసుకుంటాము. నేను అన్నం, రొయ్యల వేపుడు, గ్లాసు నిండా ఆరెంజి సోడా పెడుతున్నాను. మొదటి నెలలన్నీ గ్లాసెత్తి గుక్క వేస్తే గ్యాసు ముక్కుకు కొట్టేది. అంటే వాడు ముట్టలేదు. వేపుడు తిన్నాడో లేదో ఎలా తెలుస్తుంది? సోడా అయితే తెలిసిపోతుంది. అలిగాడనుకున్నాను.

బిళ్ళ మొదలైన తర్వాత వచ్చిన మాసికం నాడు గ్లాసెత్తితే ఉత్త చక్కెర నీళ్ళు! గ్యాసు పేరుకైనా లేదు.

"వచ్చాడే! తాగాడే!" అని కేక పెట్టాను. త్రివేణి వచ్చి, గ్లాసు లాక్కుని గుక్కేసి, "గాట్ గ్యాస్ వాట్, అమ్మా! నిండా ఉంది" అన్నది.

"నీకేం తెలుసే? నా గుక్కలో లేదు."

"సేమ్ గ్లాస్ లా!"

"అయితే నువ్వు తాగిన వైపు వదిలేశాడు."

అది నెత్తి కొట్టుకున్నది. మా ఆయన్ను రుచి చూడమన్నాను. "నాకొద్దే" అని టీవీ సౌండు పెంచారు. నేను మాత్రం ఆ నెలంతా చీమలు పాకే చేతులతో, దొడ్డికీ హాలుకీ తిరుగుతూ, సంతోషంగా ఉన్నాను. ఆ తర్వాతి మాసికమూ అంతే. అప్పటికే బిళ్ళ ఆపించమని త్రివేణి చేత తమ శాఖకు మొర పెట్టించి ఉన్నాను. ఆ రెంటికీ ముడి ఉన్నదని నాకేం తెలుసు?

ఒకనాడు దాహం వేసి మా బ్లాకు కింద కాఫీషాపులో టిన్ను కొనుక్కుని తాగితే, అదీ చప్పనే. వీడు ఇక్కడికీ వచ్చాడని ముందు మురిసిపోయాను. తర్వాత అనుమానం వచ్చినది. పెట్టకుండా తినే పిల్లవాడు కాదు వాడు. కాబట్టి ఇది షాపువాడి మోసమే అయి ఉండాలని నిర్ణయించి, "అంకుల్, నీ టిన్నులు పాతవి. గ్యాసు లేదు" అని అందరి ముందూ అన్నాను.

షాపు యజమాని టాన్ అంకుల్ రోషం గల మనిషి. "ఆంటీ, నిన్ననే లారీ వచ్చింది లా!" అంటూ ఇంకో టిన్ను తీసి, నా మొహం ముందే ఊపి ఊపి తెరిచాడు. బల్ల మీద, నా చీర మీద, పక్క బల్లాయన నూడిల్సులో అంతా నురగ.

"నో గ్యాస్ ఆ? నో గ్యాస్?" అంటున్నాడు.

"గ్యాసు ఉన్నది" అని ఒప్పుకుని వచ్చేశాను. ఆ చీర మీద మరక ఇంకా పోలేదు. ఇది తమ శాఖకు సంబంధించినది కాదని తెలుసును.

5. నిజము తెలిసిన విషయము.

తమ మందుల కౌంటరులోని తమిళ పిల్ల మంచి పిల్ల. కిందటిసారి బిళ్ళల డబ్బా ఇస్తూ, "ఆంటీ, సోడా తాగితే గ్యాస్ లేనట్టు ఉందా? అది ఈ మందు వల్లే. చాలామందికి అంతే. భయపడకండి" అని నవ్వుతూ చెప్పినది.

నాకు భయం లేకుండా పోయినది. ఇంకేమీ కూడా లేకుండా పోయినది. అక్కడి నుంచి ఆ గడియ లేని దొడ్డిలోకి వెళ్ళి, పని లేకుండానే చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన బయటి నుంచి, "ఒలే, ఉన్నావేటే?" అని అడుగుతూనే ఉన్నారు. ఉన్నానని చెప్తూనే ఉన్నాను.

ఇది చాలదన్నట్టు స్కానింగులో నా మూత్రపిండంలో చిన్న రాయి కనబడినది. ఈ బిళ్ళ ఇంక పనికిరాదని డాక్టరమ్మ ఆపేసినది. చుక్కల మందు ఒక్కటీ చాలదట. ప్రెషరు మళ్ళీ పైకి ఎక్కుతోంది గనుక అక్టోబరు మొదట్లోనే ఆపరేషను చేయించుకోవాలట. లేకపోతే కుడి కన్ను కూడా ఎడమ కన్ను దారినే పోతుందని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పినది. నా మొర అలా ఫలించినది. అక్కర తీరిన తర్వాత ఫలించినది.

"కన్ను పోతే అన్నయ్య ఫోటో ఎలా చూస్తావ్ అమ్మా?" అని త్రివేణి ఏడ్చినది.

"ఫోటో ఎప్పుడూ ఒకేలా ఉంటుందే. నాకు బట్టీ వచ్చు" అన్నాను. తర్వాత తమ బెంచీ మీద కూర్చుని నేనూ ఏడ్చాను. తమరు చూచినది అదే.

6. ప్రార్థన.

అయ్యా, నేను వెర్రిదాన్ని కాను. ఆ సోడా వాడు తాగలేదని, బిళ్ళ నా నాలుకను ఏమార్చినదని నాకు తెలుసును. తెలిసే అడుగుతున్నాను. దీపావళి వెళ్ళాక కార్తీకంలో వాడి సంవత్సరీకం. ఆ రోజు వాణ్ణి పెద్దల్లో కలిపేస్తారు. తర్వాత నెలనెలా రాడు, ఏడాదికి ఒక్కసారే. పోయే ముందు ఒక్కసారి సోడా తాగి వెళ్ళాడని నా నోటికి అనిపించాలి. ఆ ఒక్క గుక్కకు నా నాలుక నాతో అబద్ధం చెప్తే ప్రభుత్వమునకు ఏమి నష్టము? రాయి నా ఒంట్లోది, కన్ను నా మొహంలోది.

కావున అంతవరకు బిళ్ళ ఇప్పించి, ఆపరేషను ఆ తర్వాత పెట్టించిన యెడల, దొడ్డి గురించి, చీమల గురించి, అరటిపళ్ళ గురించి ఇకమీదట నోరెత్తనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను. గడియ గురించి కూడా అడగను. మా ఆయన నిలబడతారు.

తమరు పై సంగతులన్నీ చిత్తగించవలెను. అన్నీ చిత్తగించడానికి తీరిక లేని యెడల ఆరో అంకె ఒక్కటి చిత్తగించినా చాలును.

తమ విధేయురాలు,
ఈరమ్మ
(వేలిముద్ర కాదు, సంతకమే.)

తా.క.: ఈ అర్జీ రాసి, త్రివేణి వచ్చి పోస్టు చేస్తుందని దేవుడి పటం వెనక పెట్టాను. ఈలోగా ఈ నెల మాసికం వచ్చినది. ఆ సంగతి రాయకుండా పంపితే తమరిని మోసం చేసినట్టవుతుంది.

అన్నం పెట్టాను, వేపుడు పెట్టాను, సోడా పోశాను. బిళ్ళ ఆపి చాలా రోజులైనది గనుక ఏమవుతుందో తెలుసును. తెలిసే గుక్క వేశాను. గ్యాసు ముక్కుకెక్కి కళ్ళలోంచి వచ్చినది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. త్రివేణి నా కొంగుతోనే నా మొహం తుడిచినది.

టీవీ ఆగినది. మా ఆయన కుర్చీలోంచి లేచి వచ్చారు. నా చేతిలో గ్లాసు తీసుకుని, ఫోటోకు ఎదురుగా నిలబడి, గటగటా అడుగు దాకా తాగేశారు. మూతి తుడుచుకుని, "ఒలే, ఇందులో గ్యాసేదే? సప్పబడిపోనాది. ఆడు తాగేసినట్టున్నాడు" అన్నారు.

మా ఆయన ఏ బిళ్ళా మింగరండి. తలనొప్పికి కూడా మింగరు.

"నిజంగానేనా?" అన్నాను.

"నానెప్పుడైనా నీకాడ అబద్దమాడానేటే?" అని అంటున్నారు, ఆ మాట పూర్తి కాకుండానే త్రేన్చారు. అయ్యా, అది మామూలు త్రేన్పు కాదు. దాదాపు ఏడాదిగా దాచుకున్నది. పక్కింటి మలాయి ఆవిడ తలుపు తీసి చూసినది. మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ అప్పటికే రావలసినదంతా వచ్చేసినది.

త్రివేణి చప్పట్లు కొట్టి, "నాన్నా వినర్ లా!" అన్నది.

నేను ఫోటో వైపు తిరిగి, "ఈసారి మీ నాన్నే గెలిచారురా" అని తీర్పు చెప్పాను. మా ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ, "ఒప్పుకోడే ఆడు, అప్పీలు సేస్తాడు, జయరాముడు" అన్నారు. ఆ పేరు అన్నాక నవ్వు వేరేగా మారిపోయినది. త్రివేణీ నేనూ చెరొక పక్కన పట్టుకున్నాము. ఇప్పుడు కుర్చీ గోడ వైపు తిరిగి ఉన్నది.

కావున ఆరో అంకెను కొట్టివేయవలెను. బిళ్ళ అక్కర లేదు. ఆపరేషనుకు చెప్పిన తారీకునే వస్తాను. సంవత్సరీకం నాడు సోడా గ్లాసు ఆయనకే ఇస్తాను. ఆయన ఆ అబద్ధం చెప్పేటప్పుడు మొహం ఎలా పెడతారో నేను చూడాలి, దానికి ఒక కన్నయినా కావాలి. డాక్టరమ్మకు ఈ ముక్క బాగా అర్థమయ్యేలా ఇంగ్లీషులో పెట్టవలెను.

గడియ గురించి అడగనని ఇచ్చిన హామీని కూడా కొట్టివేయవలెను. గడియ వేయించండి. నా కోసం కాదు, నాకింక బిళ్ళ లేదు. నా తర్వాత ఆ బిళ్ళ మింగే ఆవిడ కోసం. ఆవిడ మొగుడు సంచీ మెడలో వేసుకుని నిలబడే రకం కాకపోవచ్చును.

కౌంటరులోని పిల్లకు కూడా నా మాటగా ఒకటి చెప్పండి. తప్పు పట్టడం కాదు, మంచి పిల్ల. ఎవరికైనా సోడా సంగతి చెప్పే ముందు, ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా అని ఒక్క మాట అడగమనండి.